పైడమ్మ వంటిల్లు

నీలాచలం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం చూస్తారు. విశాఖపట్నం కాలేజీలో ఇళ్ళ నమూనాలు గీయడం నేర్పిన రోజుల్లోనూ అంతే. జవాబు నోటితో చెప్పింది తక్కువ, వెంట తీసుకెళ్ళి చూపించింది ఎక్కువ. రిటైరై విజయనగరంలో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఒక ఆదివారం పొద్దున్న పాత శిష్యురాలు ఉదయిని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. పాత వంటిళ్ళను కొత్తగా మార్చే టీవీ పోటీలో ఆమె న్యాయనిర్ణేత. ఆమె మాటల పదును కోసమే ఆ కార్యక్రమం చూసేవాళ్ళున్నారు. ఆవేళ మాత్రం ముఖంలో కళ లేదు.

జరిగింది ఇది. మాస్టారి ఇంటి వెనక వీధిలోని ఒక పెద్దావిడ వంటిల్లు తవిటినాయుడనే పోటీదారుడి వంతుకి వచ్చింది. అతను గోడలకు రంగు వేశాడు, గట్టు మీద రాయి మార్చాడు, పాత చెక్క అరను మాత్రం మేకులతో, సొట్టడబ్బాలతో సహా అలాగే వదిలేశాడు. ఎందుకు వదిలావంటే, "పెద్దావిడ ఉంచమన్నారండీ" అని ఊరుకున్నాడు. "ఇది వంటిల్లా, కిరాణా కొట్టు వెనక గోడౌనా?" అంది ఉదయిని స్టూడియోలో, కెమెరా ముందు. అందరూ నవ్వారు. నాయుడు పోటీలోంచి బయటికి వెళ్ళిపోయాడు. పెద్దావిడ కొడుక్కి నలుగురిలో తల కొట్టేసినట్టయి, తర్వాతి పోటీదారుడి చేత ఆ అర పీకించి తెల్లటి అలమరలు పెట్టించాడు. వాటికి ఉదయిని పదికి తొమ్మిది మార్కులు వేసింది. వెళ్ళేముందు నాయుడు అన్న మాట మాత్రం ఆమెను వదలలేదు: "ఆవిడ వంట చేస్తుండగా మీరొకసారి చూడాల్సింది మేడమ్."

"మాస్టారూ, కంటికి కనబడ్డ తప్పు చెప్పడం తప్పా? అది చెప్పకపోతే నేనక్కడ ఎందుకు?"

"టీ తాగొద్దాం రా" అని ఆయన చెప్పులు వేసుకున్నారు.

వెనక వీధిలో ఆ పెద్దావిడ పైడమ్మ, ముందుగదిలో కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. "మాస్టారేనా? ఎంట ఇంకెవరో ఉన్నారు" అంది. ఉదయిని నమస్కారం చెప్పగానే ఆవిడ నవ్వింది. "ఈ గొంతు టీవీలోది. మా వంటిల్ని గోడౌనన్న పిల్లవి నువ్వే కదా? కూకో అమ్మా. ఆ మాటకి నానూ నవ్వీసినాను."

"పైడమ్మగారూ, మీ చేతి టీ కోసం వచ్చాం" అన్నారు మాస్టారు.

లోపల్నించి కోడలు ఈశ్వరి వచ్చి, "నేను పెడతాను మాస్టారూ. అత్తనిప్పుడు వంటింట్లోకి రానివ్వట్లేదు" అంది. ఉదయిని ఆమె వెనకే వెళ్ళింది.

అలమర తలుపులు ఒక్కదానికీ పిడి లేదు. లోపల డబ్బాలన్నీ ఒకే కొలత, ఒకే రంగు. మీద అందంగా పేర్లు అంటించి ఉన్నాయి. ఈశ్వరి పాలు పొయ్యి మీద పెట్టి మెల్లగా చెప్పింది. "చూపు మందగించిందనుకున్నామండీ, పూర్తిగా పోయిందని మాకు తెలీదు. ఇంటిల్లిపాదికీ వంట ఆవిడే చేసేది. ఉప్పు రాతిచిప్పలో, చింతపండు కుండలో, కారం సొట్టడబ్బాలో. అన్నీ తడిమి తీసుకునేది. పోపు చిటపట విని మంట తగ్గించేది. ఈ అలమరలు వచ్చిన మర్నాడు పొద్దున్న చూస్తే, తలుపుల మీద అరిచెయ్యి రాసుకుంటూ నిలబడి ఉంది. ఏంటత్తా అంటే, 'ఇక్కడ చెయ్యి ఎక్కడా ఆగట్లేదే' అంది. అప్పుడు తెలిసిందండీ. మా ఆయన ఏడ్చేశాడు. ఇంక అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదన్నాడు. ఆవిడ మంచికే కదా."

టీ తెచ్చి, పైడమ్మ రెండు చేతుల్లోనూ గ్లాసు పెట్టి, "వేడత్తా, జాగ్రత్త" అంది ఈశ్వరి.

"ఇదివరకు నానే దీనికి జాగ్రత్తలు సెప్పీదాన్ని" అని పైడమ్మ నవ్వబోయింది.

ఉదయిని క్షమించమని అడగబోయింది. ముసలామె అడ్డుపడింది. "నువ్వేటి సేస్తావమ్మా, నాను సెప్పలేదు కదా. ఆ నాయుడు బాబు మాత్రం కనిపెట్టీసినాడు. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. పాపం, సెప్పలేదు."

టీ చల్లారిపోయింది. ఇద్దరూ లేచి వీధిలోకి వచ్చారు. కొంతదూరం నడిచాక ఉదయిని ఆగిపోయింది.

"ఆ అర ఎక్కడ పడేశారో వెతికిస్తాను మాస్టారూ. మళ్ళీ ఉన్నచోటే కొట్టిస్తాను. ఒక్క మేకు కూడా అటూ ఇటూ కానివ్వను."

మాస్టారు తలూపారు.

"కొట్టించవచ్చమ్మా. కానీ, ఆవిడకి చూపు లేదని ఇంట్లోవాళ్ళకి తెలిసిపోయింది కదా."