దారం కొసన నాడి

రాజుగారి వైద్యశాలలో పేదలకు మందు ఉచితమే గానీ, మంచిమాట మాత్రం దొరికేది కాదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న సింగమ్మకు ఎలా ఉందని కోడలు నాంచారి ఎవరిని అడిగినా, "వైద్యులవారు చూస్తున్నారుగా!" అని కసురుకునేవారు.

ఆ చూడటం కూడా గుమ్మం బయటినుంచే. రాజవైద్యుడు పేదల ఒళ్లు ముట్టుకోడు. వెంట వచ్చినవాళ్లు రోగి మణికట్టుకు దారం కడితే, దాని కొస పట్టుకుని నాడి చూశానంటాడు.

ఒకరోజు రాజుగారు వైద్యశాల చూడవచ్చారు. వైద్యుడు దర్జాగా దారం అందుకుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభూ, జ్వరం దిగిపోయింది. రేపటికల్లా లేచి నడుస్తుంది."

నాంచారి వంగి దణ్ణం పెట్టింది. "సంతోషం బాబయ్యా! ఇవాళ దారం మంచం కోడుకు కట్టాను. అది లేచి నడిచేలోగా, తమరు లోపలికొచ్చి మా అత్తను కూడా చూడండి."

రాజుగారి చూపు తగలగానే వైద్యుడు పరుగున వచ్చి సింగమ్మ చెయ్యి పట్టుకున్నాడు. సింగమ్మ అతని వంక చూడనే లేదు. రెప్ప వేయకుండా కోడలినే చూస్తోంది. ఈ పిల్లకా తను ఇన్నేళ్లూ నోట్లో నాలుక లేదనుకుంది!