చేదని పేరుపడ్డ కంచె

వాగుకు ఇవతలి గట్టు మేకలది, అవతలి గట్టు గొర్రెలది. మధ్యలో మోకాలి లోతు నీళ్ళే. అయినా ఎవరి గట్టు వారికి ఒక దేశం.

ఇవతలి దేశానికి పెద్ద, గడ్డాల భూషయ్య అనే మేకపోతు. పొద్దున లేస్తూనే వాగు ఒడ్డుకు వచ్చి అవతలికి చూడడం అతని అలవాటు. ఆ ఏడు ఎర్రకాళ్ళ కొంగలన్నీ గొర్రెల చెట్ల మీదే వాలాయి. అప్పటినుంచి అతనికి మేత సయించలేదు. మన నీళ్ళు తియ్యన, మన ఎండ మెత్తన అని మేకలకు రోజూ చెప్పేవాడు. చెబుతున్నంతసేపూ ఒక కన్ను అవతలే ఉండేది.

మేకపిల్లలు ఉండే దొడ్డి చుట్టూ రేగుకంచె ఉంది. ఎంత కరువు వచ్చినా దాని ఆకు ముట్టకూడదని అక్కడి కట్టుబాటు. ఆకు కనబడితే ఆగలేని జాతికి అది చిన్న కష్టం కాదు. అయినా తాతల నాటినుంచి ఆగుతూ వచ్చాయి.

ఆ కంచె వల్ల చాన్నాళ్ళుగా పస్తులుంటున్న నక్క ఒక ఉదయం భూషయ్యను దూరం నుంచే పలకరించింది. అవతల ఒక మాట విన్నానంది. ఏమిటని అడిగితే, వద్దులే అని మూడుసార్లు బెట్టు చేసింది.

"నువ్వు బాధపడతావు మావా. మీ రేగాకు చేదట. అందుకే తినరట. పైకి మాత్రం కట్టుబాటని చెప్పుకుంటారట."

భూషయ్య కొమ్ములు విదిలించాడు. "ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. కొంగలు కూడా నవ్వాయి."

కొంగల పేరు వినగానే అతనికి ఇంకేమీ వినబడలేదు. మేకలన్నిటినీ పిలిచాడు. అవతలివాళ్ళు చూస్తుండగా తలా ఒక నోరు కంచె మేసి, తియ్యగా ఉందని గట్టిగా అరవమన్నాడు.

ముసలి మేక నూకాలవ్వ కంచెకు అడ్డం నిలబడింది. "నాకూ ఈ గట్టంటే ప్రాణమే భూషయ్యా. అందుకే ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని దీన్ని ముట్టలేదు."

"అవతలివాళ్ళ మీద అంత ప్రేముంటే అక్కడికే పో అవ్వా."

అవ్వ కంచె ముందునుంచి తప్పుకుని పిల్లల దొడ్డిలోకి నడిచింది.

మేకలు ఒక నోరు మేశాయి. నిజంగానే తియ్యగా ఉంది. అరిచాయి. అవతల గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. ఆ చూపు భూషయ్యకు చాలలేదు. ఇంకా మేయమన్నాడు, ఇంకా అరవమన్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి లేతకొమ్మలు కూడా పోయి, కంచె నిండా నక్క దూరేంత సందులు మిగిలాయి. అరుపుల సందడిలో నూకాలవ్వ పిల్లలను వెంటబెట్టుకుని వాగు దాటడం ఎవరూ గమనించలేదు.

పొద్దువాలే వేళ మనవరాలు మువ్వను చూడబోయిన భూషయ్యకు దొడ్డిలోంచి బయటికి వస్తున్న నక్క ఎదురైంది. లోపల ఒక్క పిల్ల లేదు. మువ్వా అని గట్టిగా కేక పెట్టాడు.

నక్క మాత్రం అతనికన్నా దిగులుగా ఉంది. "ఎక్కడ దాచావు మావా? అంతా వెతికాను."

అప్పుడు వాగు అవతల నుంచి మువ్వ గొంతు వినిపించింది.

భూషయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాగు దాటాడు. గొర్రెల కంచె లోపల పిల్లలన్నీ వెచ్చగా పడుకుని ఉన్నాయి. నూకాలవ్వ ఒక పక్కన నెమరు వేస్తోంది. గొర్రెల పెద్ద బొల్లక్క అతనికి దారి ఇచ్చి, మీ మువ్వ వచ్చినప్పటినుంచి మీ గట్టు కబుర్లే చెబుతోందంది.

అతను మనవరాలిని వాసన చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అయినా ఉండబట్టలేకపోయాడు.

"మీ గడ్డి బాగుందని ఏమైనా అందా?"

"లేదు అన్నయ్యా," అంది బొల్లక్క. "మా కంచె బాగుందంది."

నీతి: తన నేలను ప్రేమించేవాడు కంచెను కాస్తాడు, పొరుగు నేలను చూసి కుళ్ళుకునేవాడు దాన్ని తినేస్తాడు.