మూడో కొండ ఎక్కిన మద్దిలేటి

గుండ్లకోన అడవిలో ఎండాకాలం వస్తే మిగిలేది ఒక్క మడుగే. వాగు ఎండిపోతుంది, చెలమలు ఎండిపోతాయి. ఆ మడుగులో ఎవరు ముందు తాగాలి, ఎవరు తర్వాత తాగాలి అని ఒకప్పుడు రోజూ కొట్లాటే. కొమ్ములు విరిగేవి, చెవులు తెగేవి. అందుకని అడవిలో పెద్దలు ఒక పరుగు పందెం పెట్టారు. ఎండలు ముదరకముందే పరుగు. గెలిచినవాడు ఆ ఎండాకాలమంతా అందరికన్నా ముందు తాగుతాడు. మిగతావాళ్ల వరస కూడా వాడే చెబుతాడు, వాడి మాటకు తిరుగులేదు.

మొదట్లో ఆ పరుగు ఒక్క కొండకే. ఎక్కి దిగి వస్తే చాలు. చూసేవాళ్లకు రెండేళ్లకే విసుగొచ్చింది.

"ఒక్క కొండేనా? మా తాత గూడా ఎక్కుతాడు" అన్నాయి చిలుకలు. వాటి తాత ఎగిరి వెళ్లేవాడన్నది వేరే సంగతి.

సరేనని రెండో కొండ కలిపారు. కొన్నాళ్లకు అదీ చప్పబడింది. మూడో కొండ కలిపారు. ఆ మూడోది కొండ కాదు, నున్నటి బండ. గిట్ట నిలవదు, నీడ లేదు, దారిలో చుక్క నీళ్లు లేవు. "అదీ పరుగంటే!" అని కుందేళ్లు ఎగిరాయి, కొండముచ్చులు చప్పట్లు కొట్టాయి. పరిగెత్తేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ మొదటి ఏడు మూడో కొండ మీదికి ఒక్కరూ చేరలేదు. తర్వాత నాలుగేళ్లూ ఒక్కడే గెలిచాడు. వాడే మద్దిలేటి.

మద్దిలేటి మనుబోతు. గుర్రమంత ఎత్తు, నీలం ఒళ్లు, వెడల్పాటి ఛాతీ. మూడో కొండను గడ్డిమేట ఎక్కినట్టు ఎక్కేవాడు. కుందేళ్లు తమ పిల్లలకు వాడి పేరే పెట్టుకున్నాయి. కుందేళ్ల సంగతి తెలుసుగా, ఒక్క పొదలో పదకొండు మంది మద్దిలేట్లు. కొండ కింద బురదలో వాడి అడుగు పడిందని చుట్టూ రాళ్లు పేర్చి, పొద్దున్నే వచ్చి చూసిపోయేవాళ్లు. మనుబోతు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఆ బురదలో అడుగేమో చీలిక లేని గుండ్రటిది, అంటే గాడిదది. నాలుగేళ్లలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు. అభిమానులతో వాదించడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఆ అడుగు ఓబులేసుది. కింది ఊళ్లో సున్నపురాళ్లు మోసి మోసి, మోకాళ్లు అరిగాక అడవి చేరిన గాడిద. ఏటా పరిగెత్తేవాడు. ఏటా రెండోవాడే. రెండోవాడి పేరు పిల్లలకు ఎవరు పెడతారు?

ఈ ఏడూ అంతే జరిగింది. మద్దిలేటి ముందు, బారెడు దూరంలో ఓబులేసు. కొండముచ్చులు అడవిమల్లె దండ పట్టుకుని దిగాయి. పెద్ద ఎలుగుబంటి నల్లప్ప తాత గొంతు సవరించుకుని, "ఈ ఏడు గూడా మన మద్దిలేటే..." అనబోయాడు.

"ఆగు తాతా!" అని కింద నుంచి సన్నటి గొంతు వినబడింది.

అందరూ కిందికి చూశారు. పేడపురుగు బుడ్డక్క. తనకన్నా మూడింతలున్న పేడ ఉండను వెనక్కాళ్లతో నెట్టుకుంటూ, చెమటలు కక్కుతూ మడుగు ఒడ్డుకు వచ్చింది.

"మళ్లీ వచ్చినావా?" అని చిలుకలు విసుక్కున్నాయి. "మూడేండ్లుగా ఇదే పాట. మద్దిలేటి పేడలో ఏదో ఉందంటావు. గెలిచేవాడి మీద కుళ్లు నీకు!"

"నాకేం కుళ్లు? నేనేమన్నా పరిగెత్తేదాన్నా?" అంది బుడ్డక్క. "పేడ నా తిండి, నా ఇల్లు, నా పని. ఎవరేం తిన్నారో నాకు తెలిసినట్టు వాళ్ల అమ్మకు గూడా తెలీదు. నిరుడు నా ఉండను లోయలోకి దొర్లించినారు మీరు. అందుకే ఈసారి మీ ముక్కుల కాడికే తెచ్చినా."

అని ఉండను రాతికి కొట్టి పగలగొట్టింది. గుప్పుమని ఒక ఘాటు లేచింది. పేడ వాసన కాదు. ఎండుమిర్చి, కాలిన తేనె కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ముందు వరసలో కుందేళ్లు తుమ్మాయి.

"ఇది ఉరుకుగడ్డ" అంది బుడ్డక్క. "ఇది నమిలితే నొప్పి తెలీదు, ఆయాసం తెలీదు. గుండె మాత్రం పగిలేదాకా కొట్టుకుంటాది. ఓబులేసు పేడ గూడా చూసినా. దాంట్లో గడ్డి తప్ప ఏం లేదు."

నల్లప్ప తాత మద్దిలేటి వైపు తిరిగాడు. "నిజమేనా నాయనా?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. "నిజమే తాతా."

అంతే. దండ కిందపడింది. ఇందాక చప్పట్లు కొట్టిన కొండముచ్చులే మట్టిగడ్డలు విసిరాయి. "నాకు ముందే అనుమానం!" అంది మూడేళ్లు బుడ్డక్కను తిట్టిన చిలుక. కుందేళ్లు అప్పటికప్పుడు పిల్లల పేర్లు మార్చేశాయి. ఆ గందరగోళంలో పదకొండు మందికీ మళ్లీ ఒకే పేరు పెట్టాయి.

గుంపును తోసుకుంటూ నక్క సుంకన్న ముందుకొచ్చాడు. ముక్కు మూసుకుని, కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు.

"ఛీ, ఏం వాసనప్పా ఇది! నేను పుట్టి బుద్ధెరిగినాక ఇట్లాంటిది వాసన చూడలా. తాతా, వీడు మన నమ్మకాన్ని కాల్చి బూడిద చేసినాడు. చిన్నపిల్లలు చూస్తాండారు. వీడిని మడుగు కాడికి రానీకూడదు. ఒక్క చుక్క గూడా తాగనీకూడదు!"

"తాగనీకూడదు!" అంది అడవి అడవంతా.

ఎండాకాలంలో మడుగుకు రానివ్వకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. వారం రోజులు. మనుబోతు కాబట్టి ఇంకో రెండు రోజులు ఎక్కువ బతుకుతాడేమో.

నల్లప్ప తాత నిట్టూర్చాడు. "నీళ్ల వరస చెప్పే హక్కు గెలిచినవాడిది. ఇప్పుడు గెలిచినవాడు ఓబులేసు. చెప్పప్పా ఓబులేసూ, నీ మాటే మాట."

ఓబులేసు నడుచుకుంటూ వెళ్లి మద్దిలేటి ముందు నిలబడ్డాడు. చెవులు వెనక్కి మడిచాడు. అది జాలి కాదు, కోపం.

"నాలుగేండ్లు" అన్నాడు. "నాలుగేండ్లు నీ తోక చూస్తా పరిగెత్తినా. రాత్రంతా మోకాళ్లు నాక్కుంటా, వీడంత గట్టోడిగా నన్నెందుకు పుట్టించలేదు దేవుడా అని ఏడ్చినా. ఎందుకు తిన్నావురా?"

మద్దిలేటి తల ఎత్తలేదు. "మూడో కొండ పెట్టిన ఏడు నేను సగంలో జారి పడినా, గుర్తుందా ఓబులేసన్నా? నువ్వు గూడా పడినావు. నిన్ను ఎవరూ పట్టించుకోలా. నేను పడింది మాత్రం కొండముచ్చులు వానాకాలం దాకా ఆడి చూపించినాయి. యాడికి పోయినా నా ముందు ఒకడు జారి పడేవాడు, అందరూ నవ్వేవాళ్లు. అప్పుడు ఒకరు వచ్చి, ఇది నమిలితే మళ్లీ పడవు అన్నారు. ఒక్కసారికే అనుకున్నా. గెలిచినాక అందరూ మళ్లీ కొండ ఎప్పుడెక్కుతావని అడిగితిరి. మానలేకపోయినా."

"ఆ వచ్చింది ఎవరు?"

"ఎవరైతే ఏమన్నా? నమిలింది నా నోరు. నీ ముఖం చూడలేక నాలుగేండ్లు నీకు ఎదురుపడకుండా తిరిగినా. ఆ తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టను."

ఆ వచ్చినవాడు సుంకన్నే అని మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. అడవికి మాత్రం తెలియలేదు. అడవి మట్టిగడ్డలు ఏరుకునే పనిలో ఉంది.

ఓబులేసు మద్దిలేటి కాళ్ల వైపు చూశాడు. చీలిన గిట్టలు. రాతి మీద పరిగెత్తడానికి పనికొస్తాయి, నేల తవ్వడానికి పనికిరావు. ఈ గడ్డ వీడికి ఎవరో తవ్వి ఇచ్చి ఉండాలి. ఇంకో సంగతి కూడా తట్టింది. నాలుగేళ్లుగా మడుగు దగ్గర వరస చెప్పింది మద్దిలేటే కదా. ఎప్పుడూ తోక చివర ఉండే నక్క, ఈ నాలుగేళ్లూ మూడోవాడిగా తాగుతున్నాడు. ఎందుకని?

గాడిద ముఖంలో తెలివి ఉందో లేదో బయటికి కనిపించదు. ఓబులేసుకు ఆ రోజు అదే కలిసొచ్చింది.

"సరే, ఈ మద్దిలేటి సంగతి పొద్దుగూకేలోగా చెప్తా" అన్నాడు అందరితో. "ముందు ఆ పాడుగడ్డను అడవిలో లేకుండా చేయాల. లేకుంటే వచ్చే ఏడు ఇంకొకడు నములుతాడు. అదెక్కడ ఉంటాదో నాకు తెలీదు. మొదట ఎవరు చూపిస్తే వాళ్లు ఈ ఎండాకాలమంతా నా వెనకే, రెండోవాడుగా నీళ్లు తాగొచ్చు."

రెండోవాడు! గుంపు గుంపంతా కదిలింది. కుందేళ్లు పొదల కింద వెతికాయి. ఒక పంది కనిపించిన చోటల్లా ముట్టె పెట్టి కెలికింది. ఎండిన నేల, ఎండిన పుల్లలు, రాళ్లు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

సుంకన్న కాసేపు ఓర్చుకున్నాడు. మద్దిలేటి పోయాక తన మూడో స్థానం పోతుందని వాడికి ఇందాకటి నుంచీ లోపల గుబులుగానే ఉంది. ఇప్పుడు అడక్కుండానే రెండోది వస్తోంది. ఆ పంది ముట్టె నెమ్మదిగా మొదటి కొండ వైపు జరుగుతుంటే ఇక ఆగలేకపోయాడు.

"రండప్పా, నేను చూపిస్తా!" అని ఉరికాడు. మొదటి కొండ మొదట్లో రెండు గుండ్ల మధ్య సందులోకి దూరి, గోళ్లతో ఆపకుండా మూర లోతు తవ్వి, పిడికెడంత గడ్డ పైకి తీశాడు. విరిస్తే అదే ఘాటు. జనం 'ఆహా' అన్నారు. మట్టి దులుపుకుంటూ సుంకన్న వంగి దండం కూడా పెట్టాడు.

"శబాష్ సుంకన్నా" అన్నాడు ఓబులేసు. "ఒక్కమాట. దీనికి ఆకు ఏదప్పా?"

"ఎండలకు ఆకు రాలిపోతాది."

"తీగ?"

"తీగ గూడా ఎండి గాలికి పోతాది. నేల మీద ఏమీ కనపడదు."

"మరి నేల మీద ఏమీ కనపడకుంటే, ఇంత అడవిలో సరిగ్గా ఈ సందులోనే ఉందని నీకెట్లా తెలిసింది?"

సుంకన్న నవ్వు సగంలో ఆగింది. "వాసన... వాసన పట్టినా ఓబులేసన్నా."

"ఇట్లాంటిది పుట్టి బుద్ధెరిగినాక వాసన చూడలేదంటివి గదా, ఇందాక?"

బుడ్డక్క గుండు మీదికి ఎక్కి సందులోకి తొంగిచూసి, "పాత గుంతలు ఇంకో ఐదుండాయి. అన్నింటికీ ఇవే గోళ్ల గుర్తులు" అంది తాపీగా.

సుంకన్న అటూ ఇటూ చూశాడు. "నేను తవ్విచ్చినా సరే! బలవంతంగా నోట్లో కుక్కినానా? గెలవాల గెలవాలని అరిచింది మీరు గాదా?"

నక్క నోట్లోంచి ఎప్పుడైనా ఒకసారి నిజం కూడా వస్తుంది. ఆ మాటకు చిలుకలు రెక్కలు సర్దుకున్నాయి. కొండముచ్చులు చేతుల్లోని మట్టిగడ్డలు మెల్లగా కింద పెట్టేశాయి.

పొద్దు వాలాక అందరూ మడుగు దగ్గర చేరారు. ఓబులేసు మోకాళ్లు మడిచి ముందుగా తాగాడు. జన్మలో మొదటిసారి మొదటి గుక్క. అది ఎంత తియ్యగా ఉండాలో అంత తియ్యగా లేదు. నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చిన గుక్క అట్లాగే ఉంటుంది. తల ఎత్తి వరస చెప్పాడు.

"సుంకన్నా, మాటిచ్చినా గదా, ఇయ్యాల నా వెనక తాగు. ఎండాకాలమంతా రెండోవాడివే. కాకుంటే నీ పక్కన రోజూ బుడ్డక్క కూర్చుంటాది. నువ్వు ఏం తిన్నావో, ఎవరికేం తినిపించినావో రోజూ చూసి చెప్తాది. నీ పేడ ఆమెకు చూపించినాకనే నీకు నీళ్లు."

అడవంతా పకపకా నవ్వింది. ఆ ఎండాకాలం సుంకన్న రోజూ సాయంత్రం అందరి ముందూ, అందరూ చూస్తుండగా, ఆ పని చేయాల్సి వచ్చింది. అంత అవమానం నక్కల వంశంలో ఇంకెవరికీ జరగలేదు.

"ఇంకోటి" అన్నాడు ఓబులేసు. "వచ్చే ఏడు నుంచి మూడో కొండ లేదు."

"మరి చూడ్డానికి ఏముంటాది?" అంది ఒక చిలుక.

"రెండు కొండలెక్కి దిగే ముసలి గాడిద ఉంటాడు. చాలకుంటే నువ్వు దిగి నడిచి ఎక్కు, మేం కూర్చొని చూస్తాం."

చిలుక ఎగిరి పైకొమ్మ మీదికి పోయింది.

మద్దిలేటి దూరంగా నిలబడి ఉన్నాడు. నాలుక బయటికి వచ్చేసింది. నీళ్ల వైపు చూడడం లేదు, చూస్తే కాళ్లు ఆగవని. ఓబులేసు అందరినీ తాగనిచ్చి, చివర్న పిలిచాడు.

"రా."

"వద్దులే ఓబులేసన్నా. వీళ్లంతా..."

"వీళ్లతో నీకేం పని? నాతో మాట్లాడు. నిన్ను క్షమించినా అనుకోవాకు. ఆ నాలుగేండ్లు నాకు ఎవరూ తిరిగివ్వరు, నువ్వు గూడా ఇయ్యలేవు. ఆ కోపం నాకు చచ్చేదాకా ఉంటాది. కానీ దాహం వేరు. తాగు."

మద్దిలేటి వంగి తాగాడు. తాగుతూ ఏడ్చాడు. ఎంత తాగాడో, ఎంత ఏడ్చాడో నీళ్లలో ఎవరికి తెలుస్తుంది? గుంపులో ఎవరో గొణిగారు. ఓబులేసు పక్కనుంచి కదలకుండా, వాడు తల ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాడు.

నీతి: పడిపోయిన వీరుడికి తీర్పు చెప్పేముందు, వాడిని ఆ కొండ ఎక్కమని అరిచినవాళ్లలో మన గొంతు ఉందేమో చూసుకోవాలి.