చీమలు రాని తీపి

పాకవరం రాజు జగ్గభూపతికి తీపంటే ప్రాణం. ఆ ప్రాణానికి కాపలా చీమలు.

రోజూ పొద్దున్నే రాజుగారి మూత్రాన్ని పెరట్లో ఒక నాపరాతి మీద పోసేవారు. పక్కనే ఓబయ్య గొంతుక్కూర్చుని చూసేవాడు. చీమ పట్టకపోతే డోలు కొట్టి "చీమలు రాలేదు" అని కేక వేయడం అతని కొలువు. ఆ కేక వినపడగానే వంటింట్లోంచి జాంగ్రీల పళ్ళెం బయలుదేరేది.

చీమలు పడితే మధుమేహం, పట్టకపోతే లేదని ఈ పద్ధతి పెట్టింది ఆస్థానవైద్యుడు భైరవభట్టు. మెచ్చి రాజుగారు ఆయన ఎడమకాలికి బంగారు గండపెండేరం తొడిగారు. అది అందరికీ కనపడాలని భట్టు పంచెని మోకాలి దాకా ఎగ్గట్టి తిరిగేవాడు.

విదూషకుడు చెంగల్రాయుడికి మాత్రం ఈ మధ్య నవ్వు రావడం లేదు. పెద్దరాజుగారి రోజుల్లోనూ ఇదే డోలు మోగింది. తీరా చీమలు పట్టేసరికి ఆయన కాళ్ళు వాచిపోయి, ఏ మందుకీ అందకుండా పోయారు. ఇప్పుడీయనా భోజనం కాగానే సింహాసనం మీదే తూగుతున్నాడు. ఉండబట్టలేక చెంగల్రాయుడు ఓబయ్యని అడిగాడు.

"రాతి మీద చీమలు సరే. ఇంకేమైనా కనపడుతోందా?"

"నురగ వస్తోందండి. ఎంతకీ పోదు."

"మరి చెప్పవేమయ్యా?"

"నాది చీమల కొలువండి. నురగకి ఎవర్నీ పెట్టలేదు."

చెంగల్రాయుడు నేరుగా సభకి పోయాడు. "ప్రభూ, మధుమేహం ఇంకా లోపలికి రాలేదు, గడప దాకా వచ్చి కూర్చుంది. కానీ రాతి మీద ఎంతకీ పోని నురగ వస్తోందట, ఏలినవారి మూత్రపిండాలు అప్పుడే అలుస్తున్నాయి."

భట్టు పగలబడి నవ్వాడు. "వైద్యం ఎప్పుడు వెలగబెట్టావోయ్? చీమ రాలేదంటే జబ్బు లేదు. జబ్బే లేకపోతే మూత్రపిండాలకేం పోయేకాలం?"

రాజుకి సరదా పుట్టింది. "మందూ మాకూ, శ్లోకం గీకం లేకుండా నా కళ్ళకి చూపించు చెంగల్రాయా. చూపిస్తే బహుమానం. లేకపోతే ఓబయ్య డోలు జన్మంతా నీ మెడలో."

చెంగల్రాయుడు నాపరాయిని తలుచుకుని ఒక అడుగు ముందుకేశాడు. "అయితే రేపు వంటింటి పెరటి తలుపు దగ్గరికి దయచెయ్యండి. రోజూ కన్నా ఎక్కువగా, పెళ్ళివంట కన్నా కాస్త తక్కువగా వండమనండి, చాలు."

ఆ తలుపుకి గంగప్ప, సింగప్ప అని ఇద్దరన్నదమ్ములు కాపలా. వంటింటి చెత్తబుట్టలన్నీ వాళ్ళ చేతుల మీదుగా పోవాలి. ఎంగిలాకులు, తొక్కలు బయట బండిలోకి. ఆకుల మధ్య దొర్లిన వెండిగిన్నెలు మళ్ళీ లోపలికి. ఒక్క గరిటె పోయిందన్న మాట ఎన్నడూ లేదు.

మర్నాడు తెల్లారకముందే బుట్టలు మొదలయ్యాయి. అన్నదమ్ములు నడుం బిగించారు. ఎన్నడూ లేనంత జోరుగా తొక్కలు బయటికి, గిన్నెలు లోపలికి ఎగురుతున్నాయి.

"చూశారా ప్రభూ, పని పెరిగితే చురుకూ పెరిగింది" అన్నాడు భట్టు, నోట్లో నిన్నటి జాంగ్రీతో.

"మూత్రపిండాలూ మొదట అంతేనండి. తీపి హెచ్చిన రక్తం వస్తే ముందు రెట్టించి వడపోస్తాయి. అది బలం కాదు, ఆయాసం" అన్నాడు చెంగల్రాయుడు.

బుట్టలు ఆగలేదు. ముంచెత్తేటన్ని లేవు, కానీ ఊపిరి తీసుకోనివ్వడం లేదు. కాసేపటికి ఒక గరిటె బండిలో పడింది. తర్వాత వెండి గ్లాసు. రాజుగారి కనుబొమ్మ లేచింది. "నురగంటే ఇదే ప్రభూ, ఒంట్లో ఉండాల్సిన సరుకు బయటికి పోవడం" అన్నాడు చెంగల్రాయుడు.

భట్టుకి రోషం వచ్చింది. "గ్లాసుదేముంది ప్రభూ. అసలు సిసలు వస్తువైతే వీళ్ళ చేతులే గుర్తుపడతాయి. ఇదిగో" అని గండపెండేరం ఊడదీసి బుట్టలో వేశాడు.

గంగప్ప కళ్ళు మూతలు పడుతున్నాయి. బుట్టని సింగప్పకి తోశాడు. సింగప్ప దాన్ని ఉన్నపళంగా బోర్లించాడు. గండపెండేరం అరిటాకులతో సహా బండిలో పడింది. బండి నిండిందని ఎద్దులు పెంటదిబ్బ దారి పట్టాయి.

భట్టు వాటి వెనకాల పరుగు లంకించుకున్నాడు. ఎగ్గట్టిన పంచె దానంతటదే కిందికి జారింది.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి డోలు మోగింది. "చీమలు రాలేదు."

రాజు చెంగల్రాయుడి వైపు తిరిగాడు. "ఇంత జరిగినా చీమలు రాలేదటగా?"

"అవి వచ్చేది గండపెండేరం పోయాకే ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెట్ల మీద కూలబడ్డాడు. అదే సెలవనుకుని అన్నదమ్ములూ కూలబడ్డారు. నవ్వు ఆగాక రాజు మెల్లగా అడిగాడు.

"వీళ్ళు మళ్ళీ కోలుకుంటారంటావా?"

"ఇప్పుడే బుట్టలు తగ్గిస్తే కోలుకోవచ్చు ప్రభూ. తలుపు ఇంకా ఊడలేదు."

అక్కడికక్కడే హుకుం అయింది. జాంగ్రీ పండక్కి మాత్రమే, రోజూ కోట చుట్టూ నడక, ఓబయ్యకి నురగ కొలువు కూడా. అరిటితొక్క భుజాన వేసుకుని, గండపెండేరం చేత్తో పట్టుకుని భట్టు తిరిగొచ్చేసరికి రాజు దాన్ని అందుకుని, కడిగించి, చెంగల్రాయుడి కాలికి తొడిగాడు. మిగిలిన జాంగ్రీల పళ్ళెం కూడా అతని ముందుకి తోశాడు.

"ఇదీ నీదే. తిను."

చెంగల్రాయుడు రెండు చేతులూ జోడించాడు.

"వద్దు ప్రభూ. నా తలుపు దగ్గరా ఇద్దరే ఉన్నారు."

ఈసారి నవ్వింది రాజొక్కడే కాదు. గంగప్ప, సింగప్ప కూర్చున్నచోటే దొర్లి దొర్లి నవ్వారు.