కొండ దాటిన గురువులు

శిలావనం అనే అడవిలో ఎలుగుబంట్లు, తోడేళ్లు, జింకలు, కుందేళ్లు, కొంగలు ఉండేవి. భీషణుడనే ఎలుగుబంటి ఆ అడవికి రాజు.

అక్కడొక పెద్ద గుహలో ధవళ అనే ముసలి కొంగ పాఠాలు చెప్పేది. మొదట ఆమెకు నలుగురే శిష్యులు. తరువాత లెక్కలు చెప్పడానికి తాబేలు, వైద్యం చెప్పడానికి ముళ్లపంది వచ్చాయి. దూరపు అడవుల పిల్లలూ వచ్చి చేరారు. అందరూ కలిసి ఒక సంఘమయ్యారు. ఎవరు ఏం చదవాలో, ఎవరు గురువు కాదగినవారో తామే నిర్ణయించుకునేవారు.

భీషణుడికి అది కంటగింపుగా ఉండేది. "నా అడవిలో వీళ్ల కట్టుబాట్లేమిటి?" అని గుర్రుమనేవాడు.

ఒకనాడు వాగు దగ్గర నీళ్ల కోసం తగవు జరిగింది. రాజభటులైన తోడేళ్లు వచ్చి, తప్పెవరిదో అడగకుండానే ఒక విద్యార్థిని కొట్టి చంపాయి. అతడు మరీచుడనే కుందేలు. ఆ తగవుతో అతడికి సంబంధమే లేదు. ఒడ్డున కూర్చుని పాఠం వల్లె వేసుకుంటున్నాడు.

ధవళ రాజు దగ్గరికి వెళ్లింది.

"ప్రభూ, మా పిల్లవాడికి న్యాయం చేయండి."

"గుహ నాది, వాగు నాది. నచ్చకపోతే ఎక్కడికి పోతారు?" అని నవ్వాడు భీషణుడు.

ధవళ వెనుదిరిగింది. మరునాడు మరీచుణ్ణి మట్టిలో పెట్టి, గురువులూ శిష్యులూ అందరూ కొండ దాటి వెళ్లిపోయారు. అవతల గుహ లేదు. ఎండనక వాననక బయలులోనే పాఠాలు సాగాయి. చలికి ధవళ రెక్క ఒకటి చచ్చుబడిపోయింది. అయినా పాఠం ఆపలేదు.

శిలావనంలో జబ్బు చేస్తే మందు తెలిసినవారు లేరు. చదువుకుని తగవు తీర్చేవారు లేరు. రెండేళ్లలో సగం అడవి ఖాళీ అయింది. భీషణుడి కొడుకు మామూలు జ్వరంతోనే చనిపోయాడు; ఇక మిగిలింది కూతురొక్కతే.

అప్పుడు భీషణుడు ఒంటరిగా కొండ దాటి వచ్చాడు.

"అమ్మా, తిరిగి రండి. గుహ మీకే ఇచ్చేస్తాను."

"మేము రాము ప్రభూ," అంది ధవళ. "మీ అమ్మాయిని ఇక్కడికి పంపండి. చదువు చెబుతాం."

"నేను చేసింది మరిచిపోయారా?"

"మరవలేదు. రేపు గద్దె ఎక్కేది ఆమే కదా! శిక్షించే ముందు విచారించాలని ఆమెకైనా నేర్పాలి."

భీషణుడు తల వంచుకున్నాడు. వారం తిరగకముందే కూతుర్ని స్వయంగా తీసుకొచ్చి, జింకపిల్లల వరుసలో కూర్చోబెట్టాడు.

నీతి: అధికారంతో చోటును ఏలవచ్చు గాని చదువును ఏలలేం. న్యాయం లేని చోట విద్య నిలవదు.