ఏటవతలి గంట

నాకు వెళ్ళిపోవాలని ఉంది. కువైట్‌కి.

ఈ మాట ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, అబ్బే, ఊరికే వివరాలు కనుక్కుంటున్నానంటాను. అమ్మతో కూడా అంతే. ఊరికే కనుక్కునేదాన్నయితే, డాబా మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు పైన విమానం చప్పుడు వినపడగానే నా చెయ్యి ఎందుకు ఆగిపోతుందో నాకే తెలీదు. నా నోట రావడం లేదు కాబట్టి, ఒక పెయ్య నోట చెప్పిస్తాను. వినండి.

గోదారి గట్టుకి ఇవతల ఒక పశువుల మకాం ఉండేది. తాటాకు పాక, వరసగా గుంజలు, పొడుగాటి గాడి. గాడిలో ఎప్పుడు చూసినా ఎండుగడ్డే. అవతల, ఏటి నడుమ, లంక. వరద తీశాక ఆ లంక మీద పచ్చిక కమ్ముకుంటుంది. మకాం కాపరి అబ్బులు ఏటేటా పాలిచ్చే పశువులని పంటు అనే బల్లకట్టు పడవ ఎక్కించి అక్కడికి మేతకి తీసుకెళ్తాడు. ఏట్లోకి వరద ఎర్రనీరు రాకముందే తిరిగి తోలుకొస్తాడు. పంటు ఎక్కే ప్రతి పశువు మెడలోనూ గంట ఉండి తీరాలి. లంకలో రెల్లు ఆవుని మించి పెరుగుతుంది. కంటికి ఆనని పశువుని చెవితోనే వెతుక్కోవాలి. అందుకే అక్కడ ఏ గంట మోత దానిదే, ఒకదానితో ఒకటి కలవదు.

ఆ పాకలో చుక్క అనే పెయ్య ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు. మెడలో గంటైతే కట్టారు గానీ, ఇంకా ఈనలేదు. ఈనలేదు కాబట్టి పాలు లేవు, పాలు లేవు కాబట్టి పంటు లేదు. సాయంత్రం గాలి తిరిగిందంటే లంక నుంచి పచ్చిగడ్డి వాసన వచ్చేది. అప్పుడు చుక్క నోట్లో ఎండుగడ్డి పరక అలాగే ఉండిపోయేది. మింగేది కాదు, వదిలేది కాదు.

పక్క గుంజన ఉండే ముసలెద్దు కర్రి మావయ్య అది చూసేవాడు.

"ఏమే, మళ్ళీ వెళ్ళొచ్చావా?"

"ఎక్కడికి మావయ్యా, ఇక్కడే ఉన్నాగా."

"ఆ, ఉన్నావులే. తోకొక్కటే."

గేదెలు నవ్వేవి. చుక్క సిగ్గుపడి గబగబా నమిలేసేది. కానీ రుచి ఏం తెలిసేది కాదు.

ఆ గట్టు మీదే దొరబాబు అనే నక్క తిరుగుతుండేవాడు. మాట మెత్తన, నడక మెత్తన. లంకకి ఎవరికీ తెలియని తోవ ఒకటి తనకి తెలుసనీ, అక్కడ నీళ్ళు మోకాలు దాటవనీ, పంటు అక్కర్లేదు, పాడి అక్కర్లేదు, కాళ్ళుంటే చాలనీ చెప్పుకునేవాడు. పోయినసారి వరద తీయగానే బొల్లి అనే తెల్లావుని అలాగే దాటించాడు. బొల్లి అప్పటికి వట్టిపోయి ఉంది. పంటు ఎలాగూ ఎక్కించరని తెగించి దొరబాబు వెనక నడిచింది. అబ్బులు ఎవరో దొంగలు తోలుకుపోయారనుకుని, వెతికి వెతికి ఊరుకున్నాడు.

అప్పటి నుంచీ, సాయంత్రం పశువులు నీళ్ళకి దిగే వేళకి, ఏటి వైపు నుంచి ఒక గంట మోగేది. టొంక్, టొంక్ అని బీటవారిన మోత. అది బొల్లి గంటేనని పాకలో అందరికీ తెలుసు. అబ్బులు మాత్రం లంక మీది మందలో ఏదో పాత గంట బీటవారిందనుకునేవాడు. మర్నాడు దొరబాబు వచ్చి, విన్నారుగా, మీ ఆడపడుచు ఎలా మేస్తోందో అనేవాడు. అందరూ తలూపేవారు. చుక్క తల కాస్త ఎక్కువ ఊగేది.

ఒక మధ్యాహ్నం, కోసిన పొలంలో వరి మోళ్ళు కొరుకుతున్న చుక్క దగ్గరికి దొరబాబు వచ్చి కూర్చున్నాడు. తను బలవంతపెట్టే రకం కాదన్నాడు. చుక్క కాకపోతే ఇంకొకరు, తన వెనక పడేవాళ్ళకి కొదవ లేదన్నాడు.

"చూడమ్మా, ఎర్రనీరు వచ్చిందంటే తోవ మూసుకుపోతుంది. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఒకటే షరతు పెట్టాడు. నీళ్ళలో దిగేముందు గంట విప్పి తనకిచ్చేయాలి. మోత వింటే గట్టు మీద కుక్కలు లేస్తాయట. అవతలి ఒడ్డు ఎక్కగానే తనే మళ్ళీ మెడలో వేస్తాడట.

"బొల్లిక్కూడా అలాగే వేశాను. రోజూ వింటూనే ఉన్నావాయె."

చుక్క రెండు రోజులు గడువడిగింది. ముందు కొంగ పిన్నిని అడిగింది. కొంగ పిన్ని రోజూ లంక మీదుగా ఎగురుతుంది కాబట్టి ఆమె మాటకి పాకలో విలువ ఎక్కువ. అంతా పచ్చగా ఉంటుందే, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవంది పిన్ని. దిగి చూశావా అంటే, దిగడానికి తనకేం పని, చేపలు ఇటువైపే కదా అంది. మరి బొల్లక్క కనపడిందా అని చుక్క గుచ్చి అడిగితే కాసేపు ఆలోచించింది. ఎగువన దిబ్బ మీద తెల్లగా ఏదో కనపడుతుందనీ, తమవాళ్ళెవరో ఒంటికాలి మీద నిలబడ్డారనుకున్నాననీ చెప్పి ఎగిరిపోయింది.

తర్వాత కర్రి మావయ్యని అడిగింది. వెళ్ళొద్దంటాడేమో, అంటే కోపం తెచ్చుకుందామని సిద్ధంగా ఉంది. మావయ్య అలా అనలేదు. కుర్రతనంలో తనూ ఆ లంక తొక్కినవాడేననీ, ఆ వాసన వచ్చినప్పుడల్లా తన కాళ్ళూ గుంజుతాయనీ ఒప్పుకున్నాడు.

"ఇంతకీ బొల్లిని అడిగావా?"

"రోజూ వింటున్నాగా మావయ్యా."

"గంటని వింటున్నావు. బొల్లిని అడిగావా అంటున్నా."

రేవులో నిలబడి గొంతెత్తి పిలిస్తే అవతలికి వినపడుతుందని చుక్కకీ తెలుసు. తెలిసే పిలవలేదు. పిలిస్తే జవాబొస్తుంది. జవాబొచ్చాక ఆ పచ్చదనం ఇలాగే ఉంటుందో లేదో. ఎవరినీ ఏమీ అడగనంత కాలం లంక మొత్తం తనదే. ఈ సంగతి మావయ్యకి చెప్పలేక, గడ్డి మీద పడుకుని నెమరు వేసుకోవడం మొదలెట్టింది.

అప్పుడు తన మెడలో గంట తనకే వినపడింది. దవడ ఆడుతుంటే మెల్లగా, సన్నగా, ఒకే తీరుగా మోగుతోంది. ముద్ద మింగగానే ఆగుతోంది. కడుపులోంచి ఇంకో ముద్ద పైకి రాగానే మళ్ళీ మొదలవుతోంది. చుక్క నమలడం ఆపేసింది. సాయంత్రానికి కడుపు నిండిన ఏ ఆవైనా చేసేది ఇదే. మరి బొల్లక్క గంట ఇలా ఎప్పుడూ మోగదేం? అది నడుస్తూనే ఉంటుంది, టొంక్ టొంక్ అని, చీకటి పడేదాకా. అంటే బొల్లక్కకి నెమరు వేసుకునేంత మేత దొరకడం లేదు. లేదా ఆ గంట ఉన్నది ఆవు మెడలో కాదు.

రెండిట్లో ఏది నిజమైనా తట్టుకునేట్టు లేదు. అయినా తెలుసుకోవాలనిపించింది.

గడువు తీరి దొరబాబు పాక గుమ్మంలోకి వచ్చాడు. చుక్క ఎప్పుడూ లేనంత మర్యాదగా పలకరించింది.

"అంతా బాగానే ఉంది బాబాయ్. ఒక్కటే బెంగ. అక్కడ నెమరు దొరుకుతుందా?"

దొరబాబు క్షణం కూడా తడుముకోలేదు.

"దొరకడమేంటమ్మా. నీ మోకాలెత్తున ఉంటుంది. ఏపుగా."

"ఎండాకాలంలో కూడానా?"

"ఎండాకాలంలోనే ఇంకా తియ్యన. మీ బొల్లి వేరే మేత ముట్టడమే మానేసింది."

పాకలో అందరి దవడలూ ఆగిపోయాయి. తిన్నదాన్నే పైకి తెచ్చుకుని మళ్ళీ నమలడాన్ని ఇతగాడు పొలంలో మొలిచే మొక్కనుకుంటున్నాడు. నక్కకి నెమరు ఎక్కడుంది, తెలియడానికి? గేదె ఒకటి తుమ్మినట్టు నటించింది. కర్రి మావయ్య మొహం గోడకి తిప్పుకున్నాడు గానీ, మూపురం ఊగుతోంది.

చుక్క మాత్రం నవ్వలేదు. గొంతు మార్చకుండా, రేపు తెల్లవారుజామున తప్పకుండా వస్తానంది. ఈ సాయంత్రం బొల్లక్క గంట ఒక్కసారి గట్టిగా వినపడితే ధైర్యంగా ఉంటుందంది. దానికేం భాగ్యం, చెప్పి మోగించమంటానులే అని దొరబాబు తోకాడించుకుంటూ వెళ్ళాడు.

సాయంత్రం అబ్బులు లంక మీది మందకి పాలు పితుక్కొచ్చి, పాకలో మిగిలిన పశువులని రేవులోకి దించాడు. గేదెల వీపులు రుద్దుతున్నాడు. గంట మోగింది. ఎప్పటికన్నా గట్టిగా, ఉత్సాహంగా మోగింది. చెవి రిక్కిస్తే మోత వచ్చేది లంక నుంచి కాదు, రేవుకి పక్కనే ఉన్న రెల్లు దుబ్బులోంచి. ఇన్నాళ్ళూ ఎవరూ అంత చెవి పెట్టలేదు. బాగున్నట్టు వినపడితే చాలుననుకున్నారు.

చుక్క గుండె లోతు నీళ్ళలోకి వెళ్ళింది. అక్కడ ఆగింది. లంక మీద ఎండ వాలుతోంది. అంత అందంగా దాన్ని మళ్ళీ చూస్తానో లేదో అన్నట్టు కళ్ళప్పగించి చూసింది. అప్పుడు గొంతెత్తింది.

"బొల్లక్కా!"

రెల్లులో గంట ఠక్కున ఆగిపోయింది.

ఏరంతా నిశ్శబ్దం. తర్వాత, ఎక్కడో ఎగువన, దూరంగా, నీరసంగా ఒక అరుపు. దానితోపాటు గంట మోగలేదు.

"చుక్కా? నువ్వేనా?"

"నేనే అక్కా. గడ్డి ఉందా?"

"ఉందే. లంక మీద ఉంది. నేను లంక మీద లేను."

కాస్త కాస్తగా చెప్పింది. దొరబాబు తనని దాటించింది లంకకి కాదు, ఈ పక్క ఇసుక దిబ్బకి. దిబ్బకీ లంకకీ మధ్య ఇంకో పాయ ఉంది, లోతుది. వచ్చిన తోవ కూడా ఆ వారంలోనే ఇసుక కదిలి తెగిపోయింది. తుంగ దుంపలు కొరుక్కుంటూ బతుకుతోంది. పంటు దూరంగా పోతుంటే చూస్తుంది గానీ, మెడలో గంట లేని ఆవు రెల్లులో ఉందని ఎవరికి తెలుస్తుంది?

"రోజూ పిలుస్తూనే ఉన్నానే. సాయంత్రం మీరు రేవుకొచ్చే వేళ చూసి మరీ పిలుస్తున్నా. ఎవరూ పలకరేం?"

చుక్క ఇంకో అడుగు నీళ్ళలోకి వేసింది.

"నీ గంట వింటున్నాం అక్కా. బాగున్నావనుకున్నాం."

కర్రి మావయ్యకి మాత్రం మిగతాది అర్థమైంది. ఎర్రనీరు వస్తే ముందు మునిగేది ఆ దిబ్బే. మునిగినవి కొట్టుకొచ్చి చేరేది ఈ రెల్లులోకే. దొరబాబు ఇన్నాళ్ళూ కాచుకున్నది అందుకన్నమాట. చుక్కకి చెప్పిన తోవా అలాంటిదే. ముసలాయన కాళ్ళు నీళ్ళలో తన్నిపెట్టి రంకె వేశాడు. ఆ రంకెకి గేదెలు, ఆవులు, దూడలు అన్నీ అందుకున్నాయి. ఏమొచ్చిందర్రా వీటికి అని అబ్బులు తలెత్తాడు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. అటు నుంచి బదులుగా వచ్చిన అరుపు విని, చేతిలో గడ్డిచుట్ట వదిలేశాడు. అది తన ఆవు గొంతు. పంటు తాడు విప్పడానికి పరుగెత్తాడు.

అదే అదనుగా దొరబాబు రెల్లులోంచి ఉడాయించబోయాడు. కానీ రోజూ గంట తాడు కరిచి పట్టుకుని పళ్ళు సలుపుతున్నాయని, ఆ పూట దాన్ని మెడలో వేసుకున్నాడు. పశువుల గంటకి వేసే ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. రెల్లులో తగులుకుని లాగాడు, బిగిసింది. ఇంకా లాగాడు, ఇంకా బిగిసింది. ఆ తర్వాత ఎంత మెత్తగా నడిచినా టొంక్ టొంకే. ఆ మోత వింటే కోళ్ళు గూడెక్కుతాయి, కప్పలు నీళ్ళలోకి దూకుతాయి. కొత్తవాళ్ళకి లంక కబుర్లు చెప్పబోతే, ముందు ఆ మెడలోది ఎవరిదో చెప్పమంటారు.

బొల్లి తిరిగొచ్చిన రోజున చుక్క తన వాటా గడ్డి దాని ముందుకి నెట్టింది. బొల్లి తిని, పడుకుని, నెమరు మొదలెట్టేదాకా ఓపిక పట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అంత దగ్గర్నుంచి చూశావుగా. ఎలా ఉంటుందక్కా?"

బొల్లి ముద్ద మింగి చెప్పింది. "పొద్దున్నే మంచుకి మెరుస్తుందే. వాసన అబద్ధం కాదు. తీసుకెళ్ళినవాడే అబద్ధం."

చుక్క ఆ మాటని చాలాసేపు నమిలింది. ఈనాక తనూ వెళ్తానంది, పంటు మీద, మెడలో గంటతో. వెళ్ళు, ఎవరొద్దన్నారు, అన్నాడు కర్రి మావయ్య. గాలి తిరిగింది. ముగ్గురూ కాసేపు నమలడం ఆపారు.

దూరం వెళ్ళినవాళ్ళ క్షేమాన్ని తీసుకెళ్ళినవాడి చేతి గంటలో వినకూడదు, వాళ్ళ గొంతులోనే వినాలి.

మా వీధిలో ఉండే సలోమి అక్క కువైట్ వెళ్ళినప్పటి నుంచి ఆమె కబుర్లన్నీ పంపిన ఏజెంటే చెబుతున్నాడు. ఫొటోలూ ఆయన ఫోన్లోనే చూశాను. బాగున్నాయి. అక్క నంబరు నా దగ్గర లేక కాదు. రావద్దంటుందేమోనని భయం. రమ్మంటుందేమోనని అంతకంటే భయం. రెండిట్లో ఏది విన్నా, ఆ తర్వాత నేను ఊరికే కనుక్కుంటున్నదాన్ని కాలేను. కానీయ్. అక్కడ మధ్యాహ్నం వంటపని తెమిలే వేళ చూసి, ఇవాళే సలోమి అక్కకి నేనే ఫోన్ చేస్తాను.