తాళం వేసిన థీసిస్

“మేడమ్, నేను చెప్పేదాకా నా థీసిస్ ఎవరికీ తెరవద్దని రాసిచ్చేదా?” అని ఓబులేశు తన గురువు మస్తానమ్మగారిని అడిగాడు.

విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలన్నీ ఎవరైనా ఊరికే చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే చోటును రిపాజిటరీ అంటారు. మాది ఏటేటా పెరుగుతోంది. పెద్దలు ప్రతి సభలోనూ ఆ మాట చెప్పుకుని మురిసిపోతున్నారు. ఓబులేశుకు మాత్రం నిద్ర పట్టడం లేదు. బత్తాయి చెట్లను ఎండబెట్టే తెగులు మీద అతను ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. “పెట్టిన మరునాడే ఎవడో ఎత్తుకుపోయి తన పేరేసుకుంటాడు మేడమ్,” అన్నాడు.

మస్తానమ్మగారు అడగ్గానే జవాబు చెప్పే మనిషి కారు. “రాద్దువులే. ముందు చివరి అధ్యాయం సంగతి చూడు. హేమబిందు థీసిస్ కావాలన్నావుగా, తెచ్చుకో,” అన్నారు.

హేమబిందు ఇదే తెగులు మీద వేరే విశ్వవిద్యాలయంలో ఎప్పుడో పనిచేసింది. తెగులు వేరులో ఉండగానే పట్టుకునే పరీక్ష ఆమె థీసిస్‌లో ఉంది. వానలు పడితే ఆ పరీక్ష పనికిరాదు, ఓబులేశుకు ఏడాది పోతుంది. అక్కడి రిపాజిటరీలో పేరూ సారాంశమూ కనబడ్డాయి. తక్కినదంతా తాళం. కింద ‘రచయితను అడగండి’ అని ఉంటే నొక్కాడు. జవాబు లేదు. మళ్లీ నొక్కాడు. అన్నం ముందు కూర్చున్నా చూపు ఫోన్ మీదే. మబ్బు కమ్మితే చాలు, ఇంకోసారి నొక్కేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని ఆ హేమబిందును నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని ఆమె ఫోన్ నంబరు సంపాదించేసరికి వానలు పడనే పడ్డాయి. ఆమె ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది.

“అది ఇంకా మూసే ఉందా? ఎవరన్నా కాపీ కొడతారని నేనే మూయించాను,” అంది. “మీరు అడిగిందంతా నేను చదువుకునేటప్పటి మెయిలుకు పోయుంటుంది. డిగ్రీ చేతికిచ్చాక యూనివర్సిటీ వాళ్లు దాన్ని ఆపేశారు.” తర్వాత తనే అంది, “నా పని ఎవరికీ అక్కర్లేదనుకున్నాను బాబూ. ఒక్కరు అడిగారని తెలిసినా ఈ ఉద్యోగానికి వచ్చేదాన్ని కాదు.”

సాయంత్రానికల్లా థీసిస్ పంపించింది. ఓబులేశు తడిసిన బట్టలతోనే మస్తానమ్మగారి గదికి వెళ్లి, ఆమె అన్న మాటలతో సహా అంతా చెప్పాడు.

ఆవిడ చివరిదాకా విన్నారు.

“పోనీలే,” అన్నారు, “ఆ థీసిస్‌ను ఎవరూ ఎత్తుకుపోలేదు కదా.”